ఎనిమిది దీపాల సాక్షి



మీ బడిలో కంప్యూటర్ల గది ఉంటే, అక్కడ గోడ వెంబడి పోయే నీలంరంగు తీగనో, బూడిదరంగు తీగనో మీరు చూసే ఉంటారు. అది పెన్సిలుకన్నా కాస్త సన్నంగా ఉంటుంది. దాని కొసన గాజులాగా లోపలిదంతా కనిపించే చిన్న ప్లాస్టిక్ ప్లగ్గు, ఆ ప్లగ్గులో వరసగా 8 పసుప్పచ్చని రేకులు ఉంటాయి. దీన్నే నెట్‌వర్క్ కేబుల్ అంటారు. కంప్యూటర్ల మధ్య కబుర్లు మోసే తీగ ఇది. వైఫై ఉన్న ఇళ్ళలో కూడా ఆ వైఫై పెట్టె వెనకవైపు చూడండి. చాలాచోట్ల ఇలాంటి తీగ ఒకటి కనిపిస్తుంది.

ఈ తీగ ఒకనాడు పని చెయ్యటం మానేసిందనుకోండి. కంప్యూటరు బాగానే ఉన్నది, కరెంటూ ఉన్నది, కాని కబురు మాత్రం రావటం లేదు. తీగ గోడలో దూరి, పైకప్పు మీదుగా పోయి, రెండు గదుల అవతల తేలింది. దాన్ని బయటికి లాగి చూడటానికి వీలు లేదు. మరి లోపం ఆ తీగలోనే ఉన్నదని తెలిసేదెట్లా?

అలాంటప్పుడు లైను వేసే ఆయన తన సంచీలోనుంచి అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి తీస్తాడు. దాని మీద 1 నుంచి 8 దాకా అంకెలు, ఒక్కొక్క అంకె పక్కన ఒక బుల్లి దీపం ఉంటాయి. ఈ నెల ఆ పెట్టె సంగతి చెప్పుకుందాం. అది మనకు ఏం చెబుతుంది? ఏం చెప్పదు? దాన్ని తీగకు తగిలించే ముందు మనం ఏం చూసుకోవాలి?

పేరు ఒకటే, పని వేరు

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. ఈ పెట్టెను అందరూ "టెస్టరు" అంటారు. కాని మన ఇళ్ళలో టెస్టరు అనే పేరుతో మరొకటి ఉన్నది. అది స్క్రూడ్రైవరులాగా ఉండి, పిడిలో చిన్న ఎర్రదీపం కలిగి ఉంటుంది. కరెంటు పని చేసేవాళ్ళ చొక్కా జేబులో ఎప్పుడూ కనిపిస్తుంది. ఇంటి కరెంటు, అంటే 230 వోల్టుల కరెంటు, ఒకచోట ఉన్నదా లేదా అని చూడటానికి పెద్దవాళ్ళు దాన్ని వాడతారు.

మన నెట్‌వర్క్ టెస్టరు అలాంటిది కాదు. అది కరెంటు లేని తీగను చూడటానికే పుట్టింది. సాధారణంగా దాని లోపల ఉండేది 9 వోల్టుల చిన్న బ్యాటరీ. గోడమీది కరెంటు ప్లగ్గుల దగ్గరికీ, స్విచ్చిబోర్డు దగ్గరికీ దాన్ని తీసుకుపోనే కూడదు. పేరు ఒకటే గదా అని ఒకదాని పని ఇంకొకదానితో చెయ్యబోతే, కాలిపోయేది పెట్టె ఒక్కటే కాదు. మనిషి ప్రాణానికే ముప్పు.

తీగ లోపల ఏమున్నది?

కేబులు పైతొడుగు ఒలిస్తే లోపల 8 సన్నని రాగితీగలు కనబడతాయి. అవి 4 జతలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ప్రతి రంగుతీగకూ జోడుగా, తెల్లని తొడుగు మీద అదే రంగు చార గల తీగ ఉంటుంది. ఏ జతకు ఆ జతను తాడు పేనినట్టు పేని ఉంచుతారు.

ఎందుకు పేనాలి? చక్కగా పక్కపక్కన పెట్టి వదిలేస్తే పోలేదా?

ఇద్దరు స్నేహితులు ఒకే గొడుగు కింద నడుస్తున్నారనుకోండి. వాన ఎడమవైపు నుంచి ఏటవాలుగా కొడుతున్నది. ఎడమవైపున ఉన్నవాడు ఎక్కువ తడుస్తాడు. కాని ఇద్దరూ పది అడుగులకొకసారి చోట్లు మార్చుకుంటూ నడిస్తే, ఇల్లు చేరేసరికి ఇద్దరూ ఒకే మోస్తరుగా తడిసి ఉంటారు.

పేనిన తీగలు చేసేది ఇదే. పక్క తీగల నుంచీ, మోటార్ల నుంచీ వచ్చి పడే చిల్లర విద్యుత్తే ఇక్కడ వాన. అది జతలోని రెండు తీగల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. అవతలి కొసన ఉన్న యంత్రం ఆ రెండు తీగలకూ మధ్య గల తేడాను మాత్రమే చూస్తుంది. ఇద్దరూ సమానంగా తడిస్తే తేడా ఉండదు గదా! అంచేత వాన లెక్కలోకి రాదు. మనం పంపిన కబురు మాత్రం మిగులుతుంది.

ఈ ఉపాయం కంప్యూటర్లకన్నా ఎంతో పాతది. టెలిఫోనుతో పేరుపడిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేనిన జతతీగలకు పేటెంటు పొందాడు. పక్కనున్న టెలిగ్రాఫు తీగల చప్పుళ్ళు టెలిఫోనులో దూరి మాటలను చెడగొట్టేవి. వాటిని వదిలించుకోవటానికే ఈ ఏర్పాటు. 1973లో అమెరికాలో జిరాక్స్ కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ కంప్యూటర్లను కలపటానికి "ఈథర్‌నెట్" అనే పద్ధతిని ప్రతిపాదించాడు. మొదట్లో అది లావుపాటి కోయాక్సియల్ కేబులు మీద నడిచింది. 1990లో దాన్ని పేనిన జతతీగల మీద నడిపే ప్రమాణం వచ్చింది. ఇవాళ మీ బడిలో ఉన్న తీగ ఆ కోవలోదే.

ఈ 8 తీగలనూ ప్లగ్గులో ఒక వరసలో కూర్చాలి. అందుకు రెండు పద్ధతులు ఉన్నాయి. ఎక్కువగా వాడే "టీ568బి" వరస ఇది: 1 నారింజ చార, 2 నారింజ, 3 ఆకుపచ్చ చార, 4 నీలం, 5 నీలం చార, 6 ఆకుపచ్చ, 7 గోధుమ చార, 8 గోధుమ. రెండోది "టీ568ఏ". అందులో నారింజ జత ఉన్నచోట ఆకుపచ్చ జత, ఆకుపచ్చ జత ఉన్నచోట నారింజ జత వస్తాయి, తక్కినవి మారవు.

ఇక్కడ ఒక చిత్రం చూశారా? ఆకుపచ్చ జతలో ఒకటి 3వ చోట, రెండోది 6వ చోట కూర్చున్నాయి. వాటి మధ్య నీలం జత దూరింది. ప్లగ్గు నడుమ ఉన్న 4, 5 చోట్లు టెలిఫోను కోసం కేటాయించినవి. అందుకే ఈ ఎడం వచ్చింది. ఈ ముక్క జ్ఞాపకం పెట్టుకోండి, తరవాత పని పడుతుంది.

దీపాలు చెప్పేది

టెస్టరును రెండు ముక్కలుగా విడదియ్యవచ్చు. పెద్ద ముక్కలో బ్యాటరీ ఉంటుంది, చిన్న ముక్కలో ఉండదు. కేబులు ఒక కొసను పెద్ద ముక్కలోనూ, రెండో కొసను చిన్న ముక్కలోనూ పెడతారు. స్విచ్చి వెయ్యగానే పెద్ద ముక్క మొదట 1వ తీగలోకి కొద్దిపాటి కరెంటు పంపుతుంది, తరవాత 2వ తీగలోకి, ఇలా 8 దాకా. పోయిన కరెంటు అవతలి దీపాన్ని వెలిగించి, మిగతా తీగల వెంట తిరిగివస్తుంది. అందుకే బ్యాటరీ లేని చిన్న ముక్కలో కూడా దీపాలు వెలుగుతాయి. ఒకరు ఈ గదిలో, ఒకరు ఆ గదిలో నిలబడి అంకెలు పైకి చదువుకుంటే సరి.

రెండువైపులా 1, 2, 3 అంటూ 8 దాకా వరసగా వెలిగితే, తీగలన్నీ కలిశాయి, వరస తప్పలేదు అని అర్థం.

అవతల ఒక దీపం అసలు వెలగకపోతే, ఆ తీగ ఎక్కడో తెగింది, లేదా ప్లగ్గులోని రేకు దాన్ని సరిగా కరవలేదు. లైను వేసేవాళ్ళు ముందుగా ప్లగ్గునే అనుమానిస్తారు. ప్లగ్గు కోసేసి కొత్తది వేస్తే చాలాసార్లు పని తీరిపోతుంది. గోడ పగలగొట్టే అవసరం రాదు.

ఇవతల 4 వెలిగినప్పుడు అవతల 5 వెలిగితే, ఆ రెండు తీగలూ తారుమారైనాయి. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే ఆ అంకెల దగ్గర దీపాలు మామూలుగా వెలగవు. అప్పుడు ఎలా కనిపిస్తుందో సాధనంతో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది.

ఇంకొక తమాషా ఉన్నది. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి 1, 2, 3, 6 తీగలు నాలుగే చాలు. 1000 మెగాబిట్ల వేగానికి 8 తీగలూ కావాలి. అంచేత 7వ తీగ తెగినా కంప్యూటరు పని చేస్తూనే ఉండవచ్చు, కాని మందకొడిగా. "ఈ కంప్యూటరు పాతబడింది" అని అందరూ దాన్నే తిట్టుకుంటూ ఉంటారు. టెస్టరు తగిలిస్తే ఒక్క నిమిషంలో గుట్టు బయటపడుతుంది.

తగిలించే ముందు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

బడి గేటు మీద ఉండే కెమెరాను చూడండి. చాలా కెమెరాలకు వేరే కరెంటు తీగ ఉండదు. కబుర్లు మోసే నెట్‌వర్క్ తీగే వాటికి కరెంటు కూడా మోసుకుపోతుంది. ఈ పద్ధతిని పీఓఈ అంటారు. దీనికి మొదటి ప్రమాణం 2003లో వచ్చింది. ఆ తీగలో సుమారు 48 వోల్టులు ఉంటాయి. మన టెస్టరులోని బ్యాటరీ 9 వోల్టులు. అంటే 5 రెట్లకు పైగా!

ప్రమాణం ప్రకారం తయారైన పరికరాలు అవతల ఉన్నది తమవాళ్ళేనా అని ముందు పరీక్షించి, ఆ తరవాతనే కరెంటు వదులుతాయి. కొన్ని చౌకరకం పెట్టెలు ఏమీ అడక్కుండానే వదులుతాయి. తీగను పైనుంచి చూస్తే అందులో కరెంటు ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు. అలాంటి తీగకు టెస్టరు తగిలిస్తే అది కాలిపోవచ్చు. లేదా దీపాలు ఇష్టం వచ్చినట్టు వెలిగి లేనిపోని సంగతులు చెప్పవచ్చు. అంచేత ఈ నియమాలు తప్పకూడదు:

1. కేబులు రెండు కొసలూ కంప్యూటరు నుంచీ, కెమెరా నుంచీ, పెట్టెల నుంచీ ఊడదీసి, రెండూ కంటితో చూసిన తరవాతనే టెస్టరు తగిలించాలి. ఒక కొస చేతిలో ఉండి రెండో కొస ఎక్కడుందో తెలియకపోతే ఆగిపోవాలి.

2. ఒకే రంగు తీగలు పది పక్కపక్కన ఉంటే "ఇదే అయి ఉంటుంది" అని ఊహించకూడదు. రెండు కొసలకూ ఒకే గుర్తుగల కాగితం చీటీ కట్టాలి.

3. టెలిఫోను తీగకు టెస్టరు తగిలించకూడదు. మామూలు టెలిఫోను లైనులో ఎప్పుడూ సుమారు 48 వోల్టులు ఉంటాయి. గంట మోగేటప్పుడు ఇంకా ఎక్కువ.

4. ఆకాశంలో ఉరుము వినబడితే తీగల పని ఆపాలి. మేడ మీదికీ, ఆరుబయటికీ పోయే తీగల విషయంలో మరీ జాగ్రత్త.

5. తీగ తొడుగు కాలినట్టున్నా, అది కరెంటు తీగలున్న పెట్టెలోకి పోతున్నా, తడిసి ఉన్నా ముట్టుకోకుండా పెద్దలకు చెప్పాలి.

6. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే తీగ గాజుతీగ కావచ్చు. ఈ టెస్టరు దానికి పనికిరాదు. దాని కొసలోకి తొంగి చూడకూడదు. లోపలి కాంతి కంటికి కనపడదు, కాని కన్నుకు హాని చెయ్యవచ్చు.

సాక్షి చెప్పనిది

మర్యాద రామన్న తీర్పుల కథలు మీరు వినే ఉంటారు. సాక్షి అబద్ధం చెప్పకపోయినా, ఒక్క ప్రశ్న అడిగి తీర్పు చెబితే న్యాయం తప్పిపోతుంది. మన టెస్టరు కూడా అలాంటి సాక్షి. దానికి అబద్ధం చేతకాదు. కాని మనం దాన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఈ కొసన 3వ చోట పెట్టిన తీగ, ఆ కొసన 3వ చోటికే వచ్చిందా?" అది దానికి మాత్రమే జవాబు చెబుతుంది.

ఒకాయన ప్లగ్గులు వేసేటప్పుడు రంగుల వరస చూడకుండా, జతలన్నిటినీ పక్కపక్కనే పెట్టాడనుకోండి: నారింజ జత 1, 2లో, ఆకుపచ్చ జత 3, 4లో, నీలం జత 5, 6లో, గోధుమ జత 7, 8లో. రెండు కొసలా అలాగే చేశాడు. టెస్టరు తగిలిస్తే 8 దీపాలూ వరసగా వెలుగుతాయి! ఎందుకు వెలగవు? ఏ చోటి తీగ ఆ చోటికే పోయింది గదా.

కాని యంత్రం 3, 6 తీగలను ఒక జతగా వాడుకుంటుంది. ఇప్పుడు 3వ చోట ఆకుపచ్చ జతలో తీగ, 6వ చోట నీలం జతలో తీగ ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి పేనుకొని లేవు. ఒకే గొడుగు కింద నడవవలసిన స్నేహితులు వేరే వాళ్ళతో పోయారన్నమాట. ఇద్దరూ వేరువేరుగా తడుస్తారు, కబురులో రొద కలుస్తుంది. కొద్దిదూరంలో పని జరిగినట్టే ఉంటుంది. తీగ పొడుగైనకొద్దీ కబుర్లు చెడిపోతాయి, లైను మాటిమాటికీ తెగుతుంది.

దీపాలు చెప్పని సంగతులు మరికొన్ని ఉన్నాయి. ఇలాంటి లైను మామూలుగా 100 మీటర్లకు మించకూడదు. అంతకన్నా పొడుగు తీగలో కూడా దీపాలు వెలుగుతాయి. లోపల అసలు రాగి కాకుండా, రాగిపూత పూసిన అల్యూమినియం ఉన్నా దీపాలు వెలుగుతాయి. ఇవన్నీ కొలిచే ఖరీదైన సాధనాలు వేరే ఉన్నాయి.

ఆ సాధనాలు లేనివాళ్ళు ఏం చెయ్యాలి? రెండో సాక్షిని పిలవాలి. ఆ సాక్షి మన కన్ను! ప్లగ్గు గాజులాగా ఉంటుందని మొదట్లోనే చెప్పాను గదా. దాని తాళం నాలుక కిందివైపుకు తిప్పి, రేకులు మీకు కనబడేటట్టు పైకి పట్టుకుంటే, ఎడమ నుంచి కుడికి 1 నుంచి 8 దాకా రంగులు చదవవచ్చు. దీపాల వరసా, రంగుల వరసా రెండూ సరిపోతే, అప్పుడు తీగను నమ్మవచ్చు.

స్క్రూడ్రైవరు టెస్టరుకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. దానిలోని దీపం వెలగనంత మాత్రాన తీగలో కరెంటు లేదని రుజువు కాలేదు. దీపమే పాడై ఉండవచ్చు. తెలిసిన పనివాళ్ళు టెస్టరును ముందు కరెంటు ఉన్నచోట పెట్టి, దీపం వెలుగుతుందో లేదో చూసుకొని, ఆ తరవాత మెయిన్ ఆపి, పని చేసే చోట కూడా టెస్టరు పెట్టి చూసుకొని మరీ పని మొదలుపెడతారు.

మీరే చేసి చూడండి

1.5 వోల్టుల పెన్సిలు సెల్సు రెండు, ఒక ఎర్రని ఎల్.ఇ.డి. దీపం, 100 ఓముల నిరోధకం ఒకటి సంపాదించండి. ఈ మూడింటినీ ఒకదాని తరవాత ఒకటిగా కలిపి, రెండు కొసలు విడిగా వదలండి. ఆ రెండు కొసలూ తాకిస్తే దీపం వెలగాలి. వెలగకపోతే దీపం కాళ్ళు తిప్పి పెట్టండి. ఇదే మీ టెస్టరు.

ఒకే రంగు తీగముక్కలు నాలుగు తీసుకొని, మధ్యభాగం తువ్వాలు కింద దాచండి. అవతలి కొసలను మీ తమ్ముణ్ణో, చెల్లెల్నో కలగాపులగం చెయ్యమనండి. ఏ కొస ఏ తీగదో మీ దీపంతో కనిపెట్టండి.

తరవాత లోపల ఎన్నో సన్నని పోగులు ఉండే తీగముక్క ఒకటి తీసుకోండి. దాని మధ్య తొడుగును పెద్దవాళ్ళ చేత ఒలిపించి, ఒక్కొక్క పోగే కత్తిరించమనండి. ప్రతిసారీ మీ దీపం తగిలించి చూడండి. చివరికి ఒక్క పోగు మిగిలినా దీపం ముందు వెలిగినట్టే వెలుగుతుంది! ఆ తీగతో ఇస్త్రీపెట్టె వాడితే ఏమవుతుందో ఆలోచించండి. ఇస్త్రీపెట్టె తీసుకునే కరెంటుకు ఆ ఒక్క పోగు కాలి ఎర్రబడుతుంది. తీగ కలిసిందా అంటే దీపం కలిసిందన్నది. ఎంత బరువు మొయ్యగలదో మనం దాన్ని అడగలేదు. ప్రయోగం కాగానే ఆ ముక్కను చెత్తబుట్టలో వెయ్యండి. ఈ ప్రయోగాలకు పెన్సిలు సెల్సు తప్ప మరే బ్యాటరీ గాని, గోడ కరెంటు గాని వాడకూడదు.

పెద్దలకు ఒక మాట

పిల్లలు నెట్‌వర్క్ టెస్టరు వాడాలని ముచ్చటపడితే కాదనకండి. కాని రెండు కొసలూ ఊడదీసే పని మీరు దగ్గర ఉండి చూడండి. కెమెరాకు పోయే తీగ ఏదో ముందే చూపించండి. తీగ కోయటం, ప్లగ్గు బిగించటం, నిచ్చెన ఎక్కటం మీ పనులు. దీపాలు చదవటం, రంగులు చదవటం, కాగితం మీద రాయటం వాళ్ళ పనులు.

ఈ నెల చిక్కుప్రశ్న

ఒక తీగకు టెస్టరు తగిలించారు. ఇవతల దీపాలు 1, 2, 3, 4, 5, 6, 7, 8 అని వెలిగాయి. అవతల మాత్రం 3, 6, 1, 4, 5, 2, 7, 8 అని వెలిగాయి. తీగలు ఒక్కటీ తెగలేదు. ప్లగ్గులు వేసిన ఇద్దరూ తమ తమ పని శ్రద్ధగానే చేశారు. మరి ఏం జరిగింది? పైన చెప్పిన రెండు రంగుల వరసలనూ కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే జవాబు దొరుకుతుంది. దొరకనివాళ్ళకు వచ్చే నెల చెబుతాను.